ఎస్తేరు అవుటైన రోజు

అది 2006. ఖమ్మం జిల్లాలో ములకలపల్లి దాటాక అడవి అంచున ఉన్న ఒక హైస్కూల్లో నేను పీఈటీగా పనిచేస్తున్నాను. పీఈటీ అంటే ఫిజికల్ ఎడ్యుకేషన్ టీచర్. పిల్లల భాషలో డ్రిల్లు మేడం. మిగతా టీచర్ల లెక్కలో, ఎవరైనా సెలవు పెడితే ఆ క్లాసుకు పంపించడానికి పనికొచ్చే మనిషి. లెక్కల సారుకు జ్వరం వస్తే లెక్కలు, తెలుగు పంతులుగారు పెళ్లికి వెళితే పద్యాలు నా నెత్తిన పడేవి. నాది మధిర దగ్గర, కోస్తా సరిహద్దు పల్లెటూరు. నేను ‘చూడండీ, వినండీ’ అని మాట్లాడితే ఆడపిల్లలు నోటికి చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వేవారు. నవ్వినవాళ్లను గ్రౌండు చుట్టూ పరుగెత్తించేదాన్ని. అలా మా స్నేహం బాగానే సాగింది.

మా గ్రౌండుకు ప్రహరీ లేదు. ఒక పక్క బడి, రెండు పక్కల పత్తి చేలు, నాలుగో పక్క వెదురు, తునికి చెట్లతో అడవి. వాలీబాల్ కాస్త గట్టిగా కొడితే బంతి అడవిలోకి పోయేది, దాని వెనక నలుగురు పిల్లలు పోయేవారు, వాళ్ల వెనక నేను పోయేదాన్ని. అందుకే ఆ ఊళ్లో కబడ్డీకి మర్యాద ఎక్కువ. కబడ్డీలో పోయేది మోకాలి చర్మం ఒక్కటే.

ఆ ఏడు వర్షాలు తగ్గాక ఒక స్వచ్ఛంద సంస్థవాళ్లు మా బడికి వచ్చారు. లెర్నింగ్ డిజెబిలిటీ ఉన్న యువతను, మామూలు విద్యార్థులను ఒకే జట్టులో కలిపి కబడ్డీ ఆడించాలని వాళ్ల ఆలోచన. లెర్నింగ్ డిజెబిలిటీ జబ్బేమీ కాదు. ఒక విషయం బుర్రకెక్కడానికి మిగతావాళ్లకంటే ఎక్కువ సమయం పడుతుంది, ఎక్కువసార్లు చెప్పాల్సి వస్తుంది. కొందరికి చదువుతో పాటు మాట, లోకజ్ఞానం కూడా నెమ్మదిగా వస్తాయి. ఊళ్లో అప్పట్లో దీనికి ఒకటే మాట ఉండేది. ఆ మాటంటే నాకు ఒళ్లు మంట, ఇక్కడ రాయను.

జట్టులో ఏడుగురు. వారిలో ముగ్గురు ఇలాంటి పిల్లలు ఉండాలి, మిగతా నలుగురిని పార్ట్‌నర్స్ అంటారు, అంటే తోడు ఆటగాళ్లు. ఆడపిల్లల జట్టు తయారుచేసే పని హెడ్మాస్టరుగారు నాకు అప్పగించారు. జనవరి నెలాఖరులో పెనుబల్లి వైపు నుంచి ఒక జట్టు మా ఊరికే వచ్చి ఆడుతుందని చెప్పారు. నాకు ముగ్గురు దొరికారు. ఇద్దరు అడవిలోపలి గూడేల పిల్లలు, అక్కచెల్లెళ్లు. మూడో అమ్మాయి ఎస్తేరు. ఇది ఎస్తేరు కథే.

ఎస్తేరుకు పదిహేడేళ్లు. ఏడో తరగతితో బడి మానేసింది. తండ్రి బస్సు డ్రైవరు, వారంలో సగం రోజులు ఇంట్లో ఉండడు. తల్లి సుగుణమ్మ అంగన్‌వాడీలో ఆయా. ఆదివారం చర్చిలో ఎస్తేరు ముందు వరుసలో కూర్చుని, పాటను అందరికంటే ఒక లైను ఆలస్యంగా, అందరికంటే గట్టిగా పాడేదట. ఎత్తైన పిల్ల, మంచి బలం. మాట మాత్రం నెమ్మది. ఒక ప్రశ్న అడిగితే జవాబు వచ్చేలోపు మనం ఇంకో పని చక్కబెట్టుకోవచ్చు. అయితే జవాబు తప్పకుండా వచ్చేది.

ఇలాంటి పిల్లలను మనుషులు మీదపడే ఆటలోకి దించేముందు డాక్టరుకు చూపించాలి. కొందరికి మెడ ఎముకల మధ్య పట్టు తక్కువగా ఉంటుంది, వాళ్లకు కబడ్డీ ప్రమాదం. ముగ్గురినీ దవాఖానాకు తీసుకెళ్లాను. డాక్టరుగారు ఎస్తేరును చూసి, నన్ను చూసి, “మేడం, ఈమె బాగానే ఉంది. మీకే కాస్త బలం మందు రాయమంటారా?” అన్నారు.

ప్రాక్టీసు మొదలైంది. కబడ్డీ కబడ్డీ అంటూ ఊపిరి తీయకుండా ఎదుటి కోర్టులోకి వెళ్లడాన్ని రెయిడ్ అంటాం. ఊళ్లో దాన్నే కూతకు పోవుడు అంటారు. పిల్లలను రెండు జట్లుగా విడదీశాను. ఎస్తేరు కూతకు వెళ్లింది. పాట పాడినట్టే కూత కూడా గట్టిగా ఉంది, నాకు సంతోషమేసింది. నేరుగా ఎడమ మూలనున్న భవాని దగ్గరికి నడిచింది. భవాని పదో తరగతి, మా కెప్టెను, పట్టు పట్టిందంటే మగపిల్లలు కూడా విడిపించుకోలేరు. అలాంటి భవాని ఆ రోజు కదలకుండా నిలబడి, గుళ్లో ప్రసాదానికి చాపినట్టు చెయ్యి చాపింది. ఎస్తేరు ఆ చేతిని తాకి, మెల్లగా నడుచుకుంటూ వెనక్కి వచ్చేసింది. అందరూ చప్పట్లు కొట్టారు. భవాని అవుటై పక్కకు వెళ్లి కూర్చుంది.

తర్వాత అవతలి జట్టువాళ్లు కూతకు వచ్చినప్పుడు చూశాను. ఎస్తేరు ఎక్కడ నిలబడితే అక్కడికి ఎవరూ వెళ్లరు. తప్పించుకుని పక్కవాళ్లను తాకుతారు. ఆట ముగిసేసరికి ఆ పక్క కోర్టులో మిగిలేది ఎస్తేరు ఒక్కతే. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే.

“ఏమ్మా భవానీ, పట్టుకోవేం?” అని అడిగాను.

“ఎస్తేరక్కను ఎట్ల పడ్తం మేడం? ఆమె ఆటల అరటిపండు గద.”

“ఎవరు చెప్పారు నీకు?”

“ఎవ్వరు చెప్పలే. చిన్నప్పటి సంది గంతే.”

ఆటలో అరటిపండు అనే మాట తెలియని తెలుగువాళ్లు ఉండరు. చిన్న తమ్ముడు నేనూ వస్తానని ఏడిస్తే అక్కలు వాడిని అరటిపండు చేస్తారు. వాడు ఉరకొచ్చు, దాక్కోవచ్చు, అరవొచ్చు. అవుట్ మాత్రం కాడు. వాడికి ఆటలో చోటుంటుంది, లెక్కలో ఉండదు. పిల్లలు పిల్లల కోసం కనిపెట్టిన గొప్ప మర్యాద అది, దాన్ని నేను తప్పుపట్టను. కాకపోతే ఆ తమ్ముడు ఏడాది రెండేళ్లలో పెరిగి ఆ పదవి దిగిపోతాడు. పదిహేడేళ్లు వచ్చినా ఎస్తేరును ఎవరూ దింపలేదు.

పది రోజులు గడిచాయో లేదో ఎస్తేరు గ్రౌండుకు రావడం మానేసింది. రెండు రోజులు చూసి, మూడో రోజు సాయంత్రం వాళ్లింటికి వెళ్లాను. సుగుణమ్మ కుర్చీ వేసి, టీ పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ నా ఎదురుగా నిలబడింది.

“ఎవలన్నా నూకిండ్రా మేడం? అడిగితే చెప్తలేదు.”

“తోయడమా? ఆమె చుట్టూ గాలి కూడా జాగ్రత్తగా వీస్తోంది. ఆమెను ఎవరూ ముట్టుకోవడం లేదు సుగుణక్కా. అరటిపండు అంటున్నారు.”

ఆ మాటకు సుగుణమ్మ తేలిగ్గా ఊపిరి పీల్చుకుంది. “అవ్. నేనే చెప్పిన,” అంది.

అప్పుడు తెలిసింది అసలు సంగతి. ఎస్తేరు ఎనిమిదేళ్లప్పుడు వాడకట్టు పిల్లలతో ఆడుతూ అవుటైంది. పిల్లలు పిల్లల్లాగే వెక్కిరించారు. ఎస్తేరు ఏడుస్తూ కాలికి బుద్ధి చెప్పింది, నేరుగా అడవిలోకి. ఊరంతా వెతికింది. పొద్దుగూకే వేళకు మేకల కాపరి ఒకాయన వెదురుపొద దగ్గర ముడుచుకుని కూర్చున్న పిల్లను చేయిపట్టుకుని తీసుకొచ్చాడు. మర్నాడు సుగుణమ్మ కొంగులో పల్లీలు, బెల్లం కట్టుకుని వాడకట్టంతా తిరిగింది. ఒక్కొక్క పిల్ల చేతిలో గుప్పెడు పోసి, ‘మా ఎస్తేరును ఆటకు పిలువుండ్రి, కాని అవుట్ చెయ్యకుండ్రి’ అని బతిమాలింది. పల్లీలు తిన్న పిల్లలు పెద్దవాళ్లయి పెళ్లిళ్లు చేసుకుని వెళ్లిపోయారు. వాళ్ల చెల్లెళ్లకు, చెల్లెళ్ల తర్వాతి పిల్లలకు ఆ కట్టుబాటు మాత్రం అలాగే అందింది. ఎందుకో ఎవరికీ తెలియదు, చిన్నప్పటి సంది గంతే.

ఎస్తేరు పెరట్లో కందికాయలు ఒలుస్తోంది. పక్కన కూర్చుని నేనూ రెండు కాయలు ఒలిచాను.

“ఎందుకు రావట్లేదే?”

చాలాసేపటికి జవాబొచ్చింది. “నన్ను కూసోనిస్తలేరు.”

“ఎక్కడ కూర్చోనివ్వట్లేదు?”

“ఆడ. భవాని వాళ్లు కూసునే కాడ.”

నాకు ఒక్క క్షణం అర్థం కాలేదు. తర్వాత అర్థమై కాయ చేతిలోనే ఉండిపోయింది. కోర్టు వెనక అవుటైనవాళ్లు కూర్చోవడానికి గీసిన చోటును సిట్టింగ్ బ్లాక్ అంటాం. అవుటైన వరుసలోనే అక్కడ కూర్చోవాలి. తమ జట్టుకు పాయింటు వచ్చినప్పుడు ముందు అవుటైనవాళ్లు ముందు లేచి మళ్లీ ఆటలోకి వస్తారు, దాన్ని రివైవల్ అంటాం. రూల్సులో అంతవరకే ఉంటుంది. నిజానికి మా గ్రౌండులో సరదా అంతా ఆ గీతల మధ్యనే ఉండేది. అక్కడ ఒకరి జడ ఒకరు అల్లుకుంటారు, ఉసిరికాయలు ఉప్పులో అద్దుకుని తింటారు, నా నడకను అనుకరిస్తారు. నాకు తెలియదనుకుంటారు.

“వాళ్లు ఆడ కూసోని నవ్వుకుంటరు. నేనొక్కదాన్నే నిలబడాలె. కాళ్లు గుంజుతయ్,” అంది ఎస్తేరు. ఇంకో కాయ ఒలిచి, “నాకెందుకు అవుట్ లేదు?” అని అడిగింది.

వెనక నుంచి సుగుణమ్మ, “అవుటైతే ఏడుస్తవు గద బిడ్డా,” అంది.

“అప్పుడు చిన్నగుంటి.”

సుగుణమ్మ నన్ను ఇవతలికి పిలిచింది. “ఇప్పుడు గట్లనే అంటది మేడం. ఆ పొద్దు అడవిల ఎతికినదాన్ని నేను. పంపుత. కాని ఒక్క మాట. అవుటై ఏడ్చిందా, ఉరికిందా, ఇగ దాన్ని మీ గ్రౌండు మొహం చూడనియ్య. ఇంట్లనే ఉంచుకుంట.” కోపంగా అనలేదు, భయంగా అంది. అందుకే నేను వాదించలేదు. ఒక్క అవుటు మీద ఆ పిల్ల ఆటంతా ఆధారపడి ఉందన్న సంగతి తలలో పెట్టుకుని ఇంటికి వచ్చాను.

మర్నాటి నుంచి నా తలప్రాణం తోకకొచ్చింది. ఒక పిల్లాడి తండ్రిని బతిమాలి ట్రాక్టరులో వాగు ఇసుక తెప్పించి కోర్టంతా పోయించాను, పడినా దెబ్బ తగలకుండా. ఎలా పట్టుకోవాలో నేర్పడానికి నేనే కూతకు వెళ్లాను. ఇద్దరు చేతులు కలిపి అడ్డుకుంటే దాన్ని చైన్ అంటాం. నడుము దగ్గర పట్టాలి, మెడ జోలికి పోకూడదు, కింద పడేటప్పుడు పట్టినవాళ్లే ముందు నేలను తాకాలి. ఇదంతా చెప్పి ‘ఇప్పుడు నన్ను పట్టండి’ అన్నాను. ఏడుగురూ ఇన్నాళ్ల పరుగుల కసి తీర్చుకున్నారు. ఇసుక చెవుల్లోకి పోయింది. పట్టడం వాళ్లకు రాదని అనడానికి లేదు.

ఎస్తేరు కూతకు వెళ్లేసరికి ఆ చేతులే కరిగిపోయేవి. పట్టినట్టు పట్టి, గీత దగ్గరికి రాగానే వదిలేసేవారు. ఎస్తేరుకు అది తెలిసిపోయేది. “ఇడిసిపెట్టిండ్రు. నేనేమన్నా కోడిపిల్లనా?” అని విసుక్కునేది.

“చేతులు వస్తలేవు మేడం. పాపం తగుల్తదేమో అనిపిస్తది,” అంది భవాని. గూడెం పిల్లలిద్దరూ వాళ్ల భాషలో ఏదో అనుకుని నవ్వారు. వాళ్లను మాత్రం మావాళ్లు పట్టి పడేసేవారు, వాళ్లూ పడేసేవారు. పల్లీల కట్టుబాటు ఆ గూడేల దాకా పోలేదు. కానీ ఎస్తేరును ముట్టుకోవద్దని భవాని వాళ్లకు ముందే చెప్పేసింది.

ఇక నా ఆశంతా వచ్చే జట్టు మీదే పెట్టుకున్నాను. వాళ్లకు ఎస్తేరు ఎవరో తెలియదు, సుగుణమ్మ పల్లీలు వాళ్లు తినలేదు. కొత్త చేతులకు మొహమాటం ఉండదని ధైర్యం చెప్పుకున్నాను.

ఆట రోజు ఊరు ఊరంతా గ్రౌండు చుట్టూ చేరింది. పొద్దున్నే సుగుణమ్మ పెద్ద స్టీలు క్యానుతో మజ్జిగ తెచ్చి, బస్సు దిగిన పిల్లలందరికీ గ్లాసుల్లో పోసింది. అల్లం, కరివేపాకు, ఉప్పు వేసిన చిక్కటి మజ్జిగ. ఎంత పెద్ద మనసు అనుకుని మురిసిపోయాను. కొత్తగూడెం నుంచి వచ్చిన అంపైరు సారు కూడా రెండు గ్లాసులు తాగారు.

విజిల్ పడింది. వాళ్ల జట్టులోనూ మావాళ్లలాంటి పిల్లలు ముగ్గురున్నారు. అందులో పొట్టిగా, గిరజాల జుట్టుతో ఉన్న అమ్మాయి కూతకు వచ్చింది. భవాని రెండు అడుగులు వేసి నడుము పట్టి కూలేసింది. ఆ అమ్మాయి లేచి, మూతి ముడుచుకుని, వెళ్లి వాళ్ల సిట్టింగ్ బ్లాకులో కూర్చుంది. కాసేపటికి వాళ్లకు పాయింటు వచ్చి, అంపైరు చెయ్యి ఊపగానే మూతి సంగతి మరిచిపోయి పరుగెత్తుకుంటూ కోర్టులోకి వచ్చింది. గీత అవతల నిలబడిన సుగుణమ్మ ఆ పిల్లనే చూస్తోంది. నేను సుగుణమ్మను చూస్తున్నాను.

ఎస్తేరు వంతు వచ్చింది. కూత పెట్టి వెళ్లింది. ఎదుటి జట్టు ఏడుగురూ బొమ్మల్లా నిలబడ్డారు. వాళ్ల కెప్టెను నవ్వుతూ చెయ్యి చాపింది. ఎస్తేరు తాకి వెనక్కి వచ్చింది. రెండోసారీ అంతే. మూడోసారి ఇద్దరు చేతులు చాపారు. మావాళ్ల స్కోరు పెరుగుతోంది, ఊరు చప్పట్లు కొడుతోంది, ఎస్తేరు మొహం మాడిపోతోంది. అంపైరు సారు ఆట ఆపి నా దగ్గరికి వచ్చారు.

“మేడం, ఈమె పాయింట్లు రాయాల్నా, వద్దా?”

“ఆమె ఆడుతోంది కదా సార్.”

“ఆమె ఆడుతున్నది. ఎదుటోళ్లే ఆడుతలేరు.”

రాయకపోతే మా జట్టుకు ఏడో మనిషి లేనట్టే. రాస్తే అది దానం. ముందు రాయండి సార్ అని చెప్పి, హాఫ్ టైమ్ అవగానే వాళ్ల కెప్టెను దగ్గరికి వెళ్లాను.

“ఏమ్మా, మా పిల్లను పట్టుకోరేం?”

ఆ అమ్మాయి ఇబ్బందిగా కాళ్లు మార్చుకుంది. “ఆ అమ్మ మజ్జిగ పోసుకుంటనే చెప్పింది మేడం. నా బిడ్డ అరటిపండు, పట్టకుండ్రి అని. మజ్జిగ తాగినంక ఎట్ల పడ్తం?”

పల్లీలు పోయి మజ్జిగ వచ్చిందన్నమాట. నాకు కోపం, నవ్వు ఒకేసారి వచ్చాయి. ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేయమని పరాయి పిల్లలకు ఏ నోటితో చెప్పను? ఆ మాట వెనక్కి తీసుకోవలసినది ఒక్కరే. సుగుణమ్మ దగ్గరికి నడిచాను.

“మజ్జిగ బాగుందట సుగుణక్కా.”

ఆమె తల దించుకుంది. “తల్లిని మేడం. ఏం జెయ్యమంటవ్.”

“నేను చెబితే వాళ్లు వినరు. వాళ్లు తాగింది మీ మజ్జిగ. మీరే చెప్పాలి.”

ఆమె కళ్లు అడవివైపు వెళ్లాయి. నిజంగానే ఎస్తేరు ఏడ్చి ఆ చెట్లలోకి పరుగెడితే రేపు ఈ తల్లికి నేనేం సమాధానం చెబుతానని నాకూ భయం వేసింది. వద్దులే అక్కా అనబోయాను. అప్పటికే ఎస్తేరు నీళ్లు తాగి వచ్చి మా వెనక నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి వింటోందో తెలియదు.

“చెప్పరాదే అమ్మా,” అంది.

సుగుణమ్మ కూతురి నుదుటి మీద చెమట కొంగుతో తుడిచింది. తర్వాత గ్రౌండుకు అడ్డంగా నడిచి వెళ్లింది, అందరూ చూస్తుండగా. నేనూ వెనకాలే వెళ్లాను.

“బిడ్డా, పొద్దుగాల నేనన్న మాట ఇడిసిపెట్టు. పట్టుండ్రి,” అంది ఆ కెప్టెనుతో.

“నిజంగనేనా అమ్మా? మల్ల ఏమన్నంటే?”

“ఏమనను. నడుం పట్టుండ్రి. మెడ మీద చెయ్యెయ్యకుండ్రి. అంతే.”

రెండో సగం మొదలైంది. ఎస్తేరు కూతకు వెళ్లింది, ఎప్పటిలాగే ఎడమ మూలకు. చెయ్యి చాపేవాళ్లు ఎవరూ లేరు. వాళ్ల కెప్టెను, గిరజాల జుట్టు అమ్మాయి చేతులు కలిపి చైన్ వేశారు. ఎస్తేరు వాళ్లను ఈడ్చుకుంటూ రెండడుగులు వచ్చింది. అంత బలం ఆమెకుందని నాకే తెలియదు. మధ్యగీతకు చెయ్యంత దూరంలో మూడో అమ్మాయి వచ్చి నడుము పట్టింది. ముగ్గురూ ఆమెతో సహా ఇసుకలో పడ్డారు. కూత ఆగిపోయింది. విజిల్ మోగింది.

ఎవరో ముసలామె ‘అయ్యో బిడ్డ’ అంది. ఎస్తేరు ఇసుకలో బోర్లా అలాగే ఉంది. సుగుణమ్మ గీత దాకా వచ్చి ఆగింది. ఆమె చెప్పులు గీత మీదే ఉన్నాయి, దాటలేదు.

ఎస్తేరు లేచింది. మొహం నిండా ఇసుక. అంపైరు చెయ్యి ఎటు చూపిస్తోందో చూసింది. “అవుటా?” అని అడిగింది.

“అవుట్,” అన్నారు సారు.

ఆమె గౌను దులుపుకుని, ఎటూ చూడకుండా నడుచుకుంటూ వెళ్లి మా సిట్టింగ్ బ్లాకులో మొదటి చోట కూర్చుంది. కాళ్లు బారజాపుకుంది. అప్పటికి అక్కడ ఇంకెవరూ లేరు. పక్కన నేల మీద చేత్తో సర్ది, భవాని వైపు చూసి, రమ్మన్నట్టు తల ఊపింది. భవాని కోర్టులోంచి చూసి ఏం చెయ్యాలో తెలియక నావైపు చూసింది. నేను నవ్వు ఆపుకోలేక మొహం తిప్పుకున్నాను. నా కళ్లు కూడా తడిశాయి, దాచడమెందుకు.

మరో రెండు కూతల తర్వాత భవాని నిజంగానే అవుటై వచ్చి ఎస్తేరు పక్కన కూర్చుంది. ఎస్తేరు వెంటనే ఆమె జడ చేతిలోకి తీసుకుంది. ఇన్నాళ్లూ కోర్టులో నిలబడి దూరం నుంచి చూసి నేర్చుకున్న పనంతా ఇప్పుడు చేతుల్లోకి వచ్చింది. ఊడిపోయిన పాయలను దువ్వి, మళ్లీ అల్లడం మొదలుపెట్టింది. ఏదో చెప్పుకుంటున్నారు, నవ్వుకుంటున్నారు. సగం జడ అయ్యేసరికి మా గూడెం పిల్లలిద్దరూ కలిసి వాళ్ల రెయిడర్‌ను పట్టేశారు. మాకు పాయింటు వచ్చింది. రివైవల్. ముందు అవుటైంది ఎస్తేరు కాబట్టి ముందు లేవాల్సింది ఆమే. అంపైరు సారు రమ్మని చెయ్యి ఊపారు.

ఎస్తేరు లేవలేదు.

“ఎస్తేరక్కా, లే. నీ వంతే,” అంది భవాని.

“జడ కానియ్యి.”

“తర్వాత అల్లుదువు, లే జల్దీ.”

“ఇప్పుడే కూసున్న గద.”

రివైవల్ వచ్చినవాళ్లు వెంటనే కోర్టులోకి రాకపోతే ఎదుటి జట్టుకు ఒక పాయింటు ఇస్తారు. నేను గీత దగ్గర నిలబడి గొంతు పోయేలా పిలిచాను. ఊరంతా పిలిచింది. ఎస్తేరు జడ చివరిదాకా అల్లి, రబ్బరు బ్యాండు వేసి, తృప్తిగా ఒకసారి చూసుకుని అప్పుడు లేచింది. ఆలోపే అంపైరు సారు అవతలి జట్టుకు పాయింటు ఇచ్చేశారు. ఆమె వచ్చేలోపు ఒక మనిషి తక్కువై మరో పాయింటు కూడా పోయింది. దానంగా వచ్చిన పాయింట్లన్నీ వాళ్లు ఆ తర్వాతి ఆటలో తిరిగి రాబట్టేశారు. చివరికి మేం ఓడింది ఆ రెండు పాయింట్ల తేడాతోనే.

ఆట అయిపోయాక ఎదుటి జట్టుతో చేతులు కలపడం, ఫొటోలు, అరటిపళ్ళు పంచడం, ఈ హడావిడిలో నేను అటూ ఇటూ తిరుగుతూ ఉన్నాను. వెనక నుంచి భవాని గొంతు వినిపించింది. పెళపెళలాడుతోంది.

“నీ వల్లనే ఓడినం. లే, లే అని మొత్తుకుంటే వింటివా? జడ ఎటన్న పోతదా? నీకు ఆటనా, ముచ్చట్లా?”

“నువ్వు లేటుగ అవుటైతివి. ముందుగాల అయితే జడ అయిపోతుండె,” అంది ఎస్తేరు.

“ఓహో, తప్పు నాదా?”

మిగతా పిల్లలు కూడా అందుకున్నారు. తలో మాట అంటున్నారు. ఎస్తేరు ఒక్కొక్కరికీ నెమ్మదిగా, వరుసగా జవాబు చెబుతోంది. ఒకరికి చెబుతుంటే ఇంకొకరు తొందరపెడితే ఆగమని చెయ్యి చూపిస్తోంది. ఏడవడం లేదు. అడవి వైపు కన్నెత్తి కూడా చూడలేదు. తగవులో అంత తీరుబడిగా ఉన్న మనిషిని నేను మళ్లీ చూడలేదు.

సుగుణమ్మ నా పక్కకు వచ్చి నిలబడింది. పిల్లలను మందలిస్తుందేమో అనుకున్నాను. చేతిలో ఖాళీ మజ్జిగ క్యాను, దాని మూత ఒకసారి తీస్తోంది, ఒకసారి పెడుతోంది.

“మేడం, నా బిడ్డను తిడ్తున్నరు,” అంది.

“అవునక్కా. వద్దని చెప్పనా?”

“వద్దు మేడం. తిట్టనీయుండ్రి. ఇన్నేండ్లల్ల దాన్ని ఎవ్వలు ఒక్క మాట అనలే.” కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏడుస్తోందనుకుని చూస్తే నవ్వుతోంది. రెండూ ఉన్నాయి.

ఆ తర్వాత ఎస్తేరు నేను బదిలీ అయ్యేదాకా గ్రౌండు మానలేదు. గొప్ప క్రీడాకారిణి ఏమీ కాలేదు. ఎప్పుడూ ఎడమ మూలకే వెళ్లేది, రెండుసార్లకు ఒకసారి దొరికిపోయేది. రివైవల్ వస్తే లేవడం నేర్పడానికి నాకు ఒక ఎండాకాలం పట్టింది.

నేను ఇప్పుడు వేరే ఊళ్లో వేరే బడిలో ఉన్నాను. ఇలాంటి పిల్లలు ప్రతి చోటా నా గ్రౌండుకు వస్తూనే ఉన్నారు. వాళ్లను ఆటలోకి రానిమ్మని మిగతా పిల్లలకు నేను చెప్పాల్సిన అవసరం ఎన్నడూ రాలేదు, మన పిల్లల్లో ఆ దయ పుష్కలంగా ఉంది. గెలిచినప్పుడు అందరితో పాటు వాళ్లనూ భుజానికెత్తుకుంటారు, ఫొటోలో ముందు నిలబెడతారు. అది చూసి నేను పొంగిపోవడం మానేశాను. జట్టు ఓడిన రోజు సాయంత్రం గ్రౌండులోనే ఉండి, విజిల్ తుడుచుకుంటున్నట్టు నటిస్తూ వింటాను. నీ వల్లనే ఓడిపోయామని జట్టులోని అలాంటి పిల్లను ఎవరైనా తిడుతున్నారా అని. ఆ తిట్టు నా చెవిన పడితే సైకిల్ తీసుకుని నిశ్చింతగా ఇంటికి వెళ్లిపోతాను.